పొయ్యి ముందు కెమెరా

తెలుగు సినిమాలో తినేవాళ్లకు కొదవ లేదు. వండేవాళ్లే కనబడరు. 'మాయాబజార్' (1957) చూసిన ప్రతివాళ్లకూ ఎస్వీ రంగారావు విందు గుర్తుంటుంది. లడ్లు గాల్లో ఎగిరొచ్చి ఆయన నోట్లో పడుతుంటే చప్పట్లు కొట్టాం గాని, అన్ని పిండివంటలు ఎవరు చేశారని ఏనాడూ అడగలేదు. మాయ కదా, సరిపెట్టుకున్నాం.

మాయ లేనిచోట కూడా అడగం. మా మెదక్ చర్చి కథ ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కరువు రోజులు, చర్చి కట్టించిన పోస్నెట్ దొర, కట్టుబడికి వచ్చినవాళ్లకు పని, పనికి బదులు తిండి. 1914లో మొదలైన పని పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం 175 అడుగులని, రంగుటద్దాల కిటికీలు సీమ నుంచి వచ్చాయని వచ్చిన చుట్టాలందరికీ చెప్తాం. ఆకలితో వచ్చిన అంతమందికి రోజూ ఎసరు పెట్టిన చేతుల ఊసు మాత్రం రాదు. రేపు ఎవరైనా ఈ కథను సినిమాగా తీస్తే రాళ్లు పైకెక్కించే సీను తప్పకుండా ఉంటుంది. వంట సీను పాటలో ఒక షాట్‌గా దొర్లిపోతుంది.

దొర్లిపోవడానికి కారణం ఉంది. వంటకు పట్టే సేపు సినిమాకు గిట్టదు. సాయంత్రం పూట మన బజార్లలో జొన్నరొట్టెలు చేసి అమ్మే అక్కల దగ్గర కాసేపు నిలబడి చూడండి. మరిగే నీళ్లు పిండిలో పోసి ముందు గంటెతో, వేడి కాస్త తగ్గాక చేత్తో పిసుకుతారు. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. ఆ వేడినీళ్లే దాన్ని పట్టి ఉంచాలి. పొడిపిండి చల్లి, ఒక అరచేత్తో కొడుతూ, ఇంకో చేత్తో అంచు సర్దుతూ గుండ్రంగా తిప్పుతారు. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్దుతారు. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పేయాలి, లేకపోతే రొట్టె పర్రెలు పడుతుంది. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు. మన సినిమాలో ఒక్క షాట్ అంతసేపు నిలిస్తే ఎడిటర్ ఊరుకోడు.

తనికెళ్ల భరణి తీసిన 'మిథునం' (2012) ఆ సేపును వంటకు ఇచ్చింది. శ్రీరమణ కథ అది. బాపు మొత్తం కథను తన చేతిరాతలో తిరగరాసుకున్నారంటే ఆ కథకున్న వశీకరణం తెలుస్తుంది. తెర మీద ఇద్దరే మనుషులు, అప్పదాసుగా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, బుచ్చిలక్ష్మిగా లక్ష్మి. పెరట్లో పండించడం, వండుకోవడం, తినడం, ఆ తిండి మీదే అలగడం. పోరాటాలు లేవు, విలన్ లేడు. అప్పదాసుకు జిహ్వ ఉంది, బుచ్చిలక్ష్మికి చెయ్యి ఉంది. రెండు గంటల సినిమాకు అంత సరుకు చాలునని నమ్మడమే సాహసం. అయితే ఒక మాట అనక తప్పదు. ఆ ఇంట్లో పొయ్యి దగ్గర బుచ్చిలక్ష్మికి విసుగొచ్చిన రోజులు సినిమా ఎక్కువగా చూపించలేదు. ఆ విసుగు చూడాలంటే మలయాళంలో జియో బేబీ తీసిన 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' (2021) దాకా పోవాలి. అక్కడ తరగడం, తుడవడం, ఎంగిలి ఎత్తడం మళ్లీ మళ్లీ వచ్చి చూసేవాళ్లకే చేతులు లాగుతాయి. నాకైతే ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాల్సిన సినిమాలు.

'మిడిల్ క్లాస్ మెలొడీస్' (2020)లో వంట చేసే కుర్రాడే హీరో, అతని ఆయుధం బొంబాయి చట్నీ. వినోద్ అనంతోజు ఆ చట్నీని నవ్వులాటగా కాక గుంటూరులో ఒక బతుకుదెరువుగా చూపించాడు. మన తెలంగాణ దగ్గరికొస్తే 'బలగం' (2023) ఉంది. నల్లిబొక్క దగ్గర పుట్టిన మాట బావాబామ్మర్దులను ఏళ్లతరబడి విడదీస్తుంది. చనిపోయిన పెద్దాయనకు ఇష్టమైనవన్నీ వండి పెడితే పిట్ట ముట్టదు. వేణు యెల్దండి తీసింది బలగం గురించే, కాని ఆ సినిమాలో ప్రతి మలుపూ విస్తరి ముందే తిరుగుతుంది.

ఇవన్నీ వంటింటి బయటినుంచి వచ్చినవాళ్లు తీసినవి. వండే చేతులే కెమెరా పట్టిన కథ మన పాత మెదక్ జిల్లాలోనే ఉంది. 2016 దసరా నాడు జిల్లా మూడు ముక్కలైంది, ఆ కథ జరిగిన పస్తాపూర్ సంగారెడ్డి కిందికి పోయింది. అంతకుముందు జహీరాబాద్ చుట్టూ ఉన్న ఆ ఊళ్లన్నీ మన మెదక్‌వే. అక్కడ 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. కిలో బియ్యం రెండు రూపాయలన్న ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చిందీ ఆ ఏడాదే. చవక బియ్యం ఇంటికొచ్చాక కొర్రలు, సామలు అటకెక్కాయి. దీనికి బియ్యాన్నొక్కదాన్నే తిట్టి లాభం లేదు. కొర్రల పొట్టు తీయాలంటే రోట్లో దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. ఆ దంచుడు తప్పినందుకు సంతోషించిన ఆడవాళ్లూ తక్కువేమీ కాదు.

సొసైటీని నడిపించినవాళ్లలో ముఖ్యుడు పి.వి. సతీశ్. దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా చేసి వచ్చిన మనిషి. కూలినాలి చేసుకునే దళిత మహిళలకు, అందులో బడి మొహం చూడనివాళ్లకు కూడా, వీడియో కెమెరా చేతికిచ్చారు. విత్తనాల గురించి, పాత పంటల గురించి, వరంగల్ బీటీ పత్తి రైతుల గోడు గురించి వాళ్లు సినిమాలు తీశారు. మాచ్నూరు నుంచి 2008 అక్టోబరులో సంగం రేడియో మొదలుపెట్టి తమ పంటలు, తమ వంటలు, తమ పాటలు తమ యాసలోనే వినిపించారు. వాళ్ల లెక్కలో వంట పొయ్యి దగ్గర మొదలవదు. విత్తనాల గుమ్మి దగ్గర మొదలవుతుంది.

షాట్లకు వాళ్లు పెట్టుకున్న పేర్లు ఏ ఫిల్మ్ స్కూల్లోనూ దొరకవు. కెమెరా పైకి చూడటం, కిందికి చూడటం అన్న వాటిని పటేల్, బానిస అన్న లెక్కలో చెప్పుకున్నారు. మనిషి కళ్లకు సమానంగా పెట్టేది సంగం షాట్. వంటకు ఇది ఎంత పనికొస్తుందో చూడండి. కట్టెల పొయ్యి ముందు ఆడమనిషి నేలమీద కూర్చుంటుంది. నిలబడి తీస్తే ఆమె నడినెత్తి, గిన్నెలో కూర తప్ప ఇంకేమీ కనబడవు. ఆమె కళ్లు కనబడాలంటే తీసేవాళ్లు కూడా నేలమీద కూర్చోవాలి. పొగ వాళ్ల కళ్లలోకీ పోతుంది.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. ఆ మార్చిలోనే సతీశ్ కన్నుమూశారు. ఆ ఏడాదంతా పెద్ద హోటళ్ల కొర్ర బిర్యానీ వీడియోలు ఫోన్లలో మోగిపోయాయి. అన్నింట్లోనూ కెమెరా పళ్లెం మీదనే గిరగిరా తిరిగింది.

మన దగ్గర పెళ్లి వీడియోలు తీసే తమ్ముళ్లను ఒకటి అడుగుతా. డ్రోను కాసేపు దించి టెంటు వెనక్కి పోండి. మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గంజులో బగారకు ఉల్లిగడ్డ ఎర్రగా వేగుతుంటుంది, వంటాయన పక్కనే గొంతుక్కూర్చుని మంట తగ్గిస్తుంటాడు. బియ్యం పోసి, మూతపెట్టి, మూత మీద నిప్పులు పోసేదాకా కెమెరా ఆపకండి. తీసేటప్పుడు మీరూ కూర్చోండి.