పుట్టలోని గుడ్డికాపురము

తొలకరి వాన కురిసిన సాయంకాలమున దీపముచుట్టు ముసరు ఉసిళ్లను చూడని యిల్లాలు కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములందుండదు. దీపము క్రింద పళ్లెముతో నీరుంచి, మఱునాటి యుదయమున రాలిన ఱెక్కలను ఊడ్చివేయుటతో మనకా సంగతి ముగియును. ఆ ఉసిళ్లకు కన్నులున్నవి. వానిని పెంచి పెద్దచేసిన చెదలకు మాత్రము కన్నులు లేవు!

ఈ రెండును ఒక్కతల్లి బిడ్డలే. పుట్టలోని రాణి దినమునకు వేలకొలది గ్రుడ్లు పెట్టును. అందుండి పుట్టినవానిలో నధికభాగము పనిచెదలు. మన్ను మోయుట, పిల్లలకు మేత పెట్టుట, లోపల బూజుతోట పెంచుట వీని పని. (వానకాలమున మనము కూరవండుకొను పుట్టగొడుగులలో కొన్ని యీ తోటలనుండి మొలచినవే.) మేతకై బయటికి వచ్చినను చెద వెలుగులో నడువదు, దూలముమీద మట్టిపూత వేసికొని దాని చాటుననే పోవును. తాకుడును వాసనయు దానికి దారి చూపును. ఇట్టి జీవికి కన్నెందులకు? ఉసిలి సంగతి వేఱు. అది యొక్క సాయంకాలమెగిరి, జతను వెదకికొని, క్రొత్తకాపురము పెట్టవలెను. అత్తవారింటికి పోవు పిల్లకు సారె పెట్టినట్లు దానికి కన్నులును నాలుగు ఱెక్కలును అమరినవి. నేల దిగినంతనే ఱెక్కలు రాల్చి జంటగా మట్టిలో దూరును.

పుట్టయన్న మనకు భయమును భక్తియు గలవు. ఇంద్రవెల్లి మండలమందలి కేస్లాపూరులో పుష్యమాసమున జరుగు నాగోబా జాతరలో మెస్రం వంశపు ఆడపడుచులు మట్టితో పుట్టలు తీర్తురు. క్రొత్తకోడండ్రను 'భేటింగు' అను నాచారముతో దేవుని సన్నిధికి గొనిపోవుదురు.

అయితే పుట్టలో నుండునది నాగుబామొక్కటియే కాదు. చెదలను, చీమల గ్రుడ్లను తిని బ్రతుకు గుడ్డిపాము కూడ మట్టిలోనే యుండును. జానెడైన పొడవుండదు; నల్లగా నిగనిగలాడుచు వానపామును పోలియుండును గాని, దీని యొంటిపై నున్నని పొలుసులుండును. కన్నులు పొలుసుల క్రింద రెండు చుక్కలుగా మిగిలినవి. వెలుగుచీకటుల భేదము తప్ప మఱేమియు నెఱుగవు. తలయు తోకయు నొక్కతీరుగా నుండుటచే దీనిని రెండుతలల పామనిరి. 1796లో పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు కోరమాండలు తీరపు సర్పములపై ప్రకటించిన గ్రంథమున ఈ తెలుగుపేరే యెక్కినది. ఈ జాతిలో నన్నియు నాడువే. మగతోడు లేకయే గ్రుడ్లు పెట్టును. కావుననే పూలకుండీల మట్టిలో నొక్కటి పోయినను చాలును, క్రొత్తదేశమున వంశము నిలిచినది. అమెరికా, ఆస్ట్రేలియాలకిట్లే చేరినది.

బొరియలలో నీరు నిండినప్పుడిది స్నానపుగదిలోనికో తులసికోట యొద్దకో వచ్చును. చెవిలో దూరునని, కఱచిన బ్రతుకమని భయపడి కిరసనాయిలు పోసి చంపువారు కలరు. పాపము, దీనికి మనకు హాని చేయు విషము లేదు. ఆ చిన్నినోరు మనుష్యుని కఱచుటకే చాలదు. కాని సోదరీమణులారా, ఒక్క జాగ్రత్త: కట్లపాము పిల్లయు నల్లనిదే. దానికి కన్నులు స్పష్టముగా కనబడును, ఒంటిపై తెల్లని కట్లుండును. ఏమాత్రము సందేహమున్నను దగ్గఱకు పోరాదు. గుడ్డిపామే యని నిశ్చయమైనచో అట్టముక్కపై నెత్తి తడిమట్టిలో విడిచిన చాలును. పూలకుండీలో నున్నచో నుండనిండు. అందలి చీమల గ్రుడ్లను, చెదపిల్లలను అదియే యేఱి తినును.