వెన్నుకింది గాలి

మొవ్వ ప్రాంతపు కళ్లాలలో పుష్యమాసపు మంచులో వరికుప్పకు కాపలా పడుకొనే రైతు మంచంపై ఎండుగడ్డి పరచుకొంటాడు. వేసవిలో హాయినిచ్చిన నులకసందుల గాలే అప్పుడు వెన్నును కొరుకుతుంది. కింద బొంత వేసినా దేహభారానికి దూది అణగి, అందులోని గాలి తప్పుకొంటుంది. గడ్డిపోచ బోలుది, అంత సులువుగా అణగదు. చలిని ఆపేది దానిలో నిలిచిన గాలియే.

చెట్ల నడుమ కట్టే గుడ్డ ఉయ్యాలలో ఈ చిక్కు మరింత హెచ్చు. అందుకు మూసిన గాలిగదులు గల నురుగుపరుపు మేలు; అది తేలిక, ముల్లు గుచ్చుకొన్నా చెడదు. గాలి ఊదే పరుపు మెత్తనిదే, మడిస్తే చిన్నదే. చిల్లి పడితే మాత్రం ఆ రాత్రికి నిద్ర లేనట్లే! దానిని నిండా ఊదక కొంత వదులుగా ఉంచితే ఉయ్యాల వంపునకు ఒదుగుతుంది. ఉయ్యాల అంచులు భుజాలను నొక్కుతాయి గనుక అక్కడ పరుపు వెడల్పు తగ్గరాదు. ఐమూలగా పడుకొంటే నడుము వంగదు.