ఊకలోని చక్కెర



సూర్యలంక సముద్రపుటొడ్డునుండి లోనాడునకు వచ్చువారికి సరుగుడుతోపులును, తాటిచెట్లును గడచిన పిమ్మట కృష్ణకాలువల క్రింది వరిపొలములు కానవచ్చును. బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతములలో వరి కోసిన మళ్ళలో దున్నకయే మొక్కజొన్న వేయు వాడుకయు నున్నది. గింజ ఇల్లు చేరును. గడ్డి కొంత పశువులకు పోవును. కొంత పొలముననే తగులబెట్టబడును. ఊకయు, గింజ ఒలిచిన మొక్కజొన్న బెండ్లును పొయ్యి పాలగుచున్నవి. ఇట్లు కాలిపోవుదానిలో చక్కెర కలదనియు, దానిని ముందుగా తీసికొని మిగిలినదానిని పిమ్మట కాల్చుకొనవచ్చుననియు తెలుపుటయే నేటి ప్రసంగముయొక్క ఉద్దేశము.

గడ్డిలో తీపి యెక్కడిదని మీరడుగవచ్చును. చెరకులోని చక్కెర రసములో కరగియుండుటచే నాలుకకు తెలియును. గడ్డిలోని చక్కెరయో గొలుసులుగా బిగిసి, లిగ్నిన్ అను గట్టి పదార్థముతో పెనవేసికొని యుండును. ఆ గొలుసులు రెండు విధములు. మొదటిది సెల్యులోజు, దాని కడియములన్నియు గ్లూకోజు. రెండవది హెమిసెల్యులోజు, మన గడ్డిలో దాని ముఖ్యమైన కడియము జైలోజు అను చక్కెర. మనుష్యుని కడుపు వీనిని త్రెంపజాలదు. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు త్రెంపగలవు. గడ్డి తిన్న యావు పాలిచ్చుట అందువలననే.

కర్మాగారములో ఆ పని చేయునది ఉత్ప్రేరకము. అన్నదమ్ములు వేరుపడునప్పుడు పెద్దమనిషి నడుమ కూర్చుండి పంపకము తెమల్చును. తాను కుంచెడు గింజలైనను పుచ్చుకొనడు. మరునాడు మరియొక యింటి పంపకమునకు పోవును. ఉత్ప్రేరకమును అట్టిదే. అది మార్పును త్వరపెట్టును గాని తాను వ్యయము కాదు. 1811లో రష్యాలో కిర్కాఫ్ అను రసాయనవేత్త పిండిని పలుచని గంధకికామ్లముతో కాచి చక్కెరగా మార్చెను. ఈ శక్తికి 1835లో స్వీడను దేశపు బెర్జీలియస్ పేరు పెట్టెను.

ఇక ఊక సంగతి. ఊకను గాని బెండ్లను గాని పలుచని ఆమ్లముతో కలిపి వేడి ఆవిరి పట్టించినచో మొదట జైలోజు విడిపోవును. ఆ ఆమ్లమే జైలోజునుండి నీటిని వెడలగొట్టి, ఫర్ఫ్యురాల్ అను నూనెవంటి ద్రవముగా మార్చును. జర్మనీలో డోబెరైనర్ 1832లో దీనిని లోకమునకు తెలిపెను. లాటిను భాషలో ఫర్ఫర్ అనగా తవుడు. దాని పేరే దీనికి వచ్చినది. లెక్క ప్రకారము 150 పాళ్ళ జైలోజునుండి 54 పాళ్ళు నీరై పోగా 96 పాళ్ళ ఫర్ఫ్యురాల్ రావలెను. పనిలో అంత రాదు. బెల్లపు పాకము పొయ్యిమీద ఎక్కువసేపున్న మాడిపోవునట్లు, ఇదియు ఆ వేడిలో నిలిచినచో జిగటగా మారి చెడును. కావున పుట్టినదానిని పుట్టినట్లే ఆవిరితో వెలికి తీయుదురు.

అమెరికాలో క్వేకర్ ఓట్స్ వారు 1922లో ఓట్ల పొట్టునుండి దీనిని వ్యాపారసరళిని చేయ మొదలిడిరి. నేడు చైనా దేశమున మొక్కజొన్న బెండ్లనుండి విస్తారముగా చేయుచున్నారు. యంత్రములకు వేయు కందెననూనెలను శుద్ధిచేయుటకును, పోతపనిలో ఇసుక అచ్చులు గట్టిపరచు బంకలకును ఇది ఆధారము. చక్కెర పోయిన పిప్పి బాయిలరులో మండును. పొయ్యికి కొరత రాదు.

గ్లూకోజు కథ వేరు. నికెలు లోహమును ఉత్ప్రేరకముగా నుంచి, ఒత్తిడిలో గ్లూకోజునకు ఉదజని చేర్చినచో సార్బిటాల్ వచ్చును. పండ్లు తోముకొను పేస్టులలో చేరునది అదియే. సి విటమిను తయారీకి మొదటి మెట్టును అదియే. అయితే ఇందుకు వాడు గ్లూకోజు నేటికిని ముఖ్యముగా పిండినుండి వచ్చుచున్నది. గడ్డి సెల్యులోజును త్రెంపుట అంతకంటె కష్టము.

ఇందులో చిక్కులును కలవు. ఆమ్లము పాత్రలను తినివేయును. తుదకు సున్నముతో దానిని విరచవలెను. అందుచేత వడగట్టి మరల వాడదగిన గట్టి ఉత్ప్రేరకములకై శాస్త్రజ్ఞులు పాటుపడుచున్నారు. అవియు మసిపట్టి మందగించుచుండును. గడ్డి తేలికయైన సరకు. బండి నిండును గాని తూకము రాదు. దూరమునకు మోయించిన కూలియే లాభమును మ్రింగును.

కావున అట్టి కర్మాగారము మీ యూరి దాపునకు వచ్చెదనన్నచో పెద్దలు మూడు మాటలడుగుట మేలు. పశువుల మేతకును, నేల సత్తువకును గడ్డి మిగులునా? తూకమునకు, తేమకు ఎట్లు ధర కట్టుదురు? వాడిన పుల్లనీటిని శుభ్రపరచియే విడుతురా? మన మురుగుకాలువలన్నియు తుదకు సముద్రమునకే చేరును. ఆ నీరు చెడినచో సూర్యలంకలో వల వేయువారి కూటికి ముప్పు. ఈ మూడింటికి సరియైన జవాబు వచ్చినచో, ఊకను ఉత్త ఊకగా అమ్ముకొనక, అందలి చక్కెరకును వెల యడుగుడు.