స్థూలకాయానికి శస్త్రచికిత్స: ఏ పద్ధతి ఎవరికి?

స్థూలకాయాన్ని తగ్గించడానికి జీర్ణాశయం మీద, ప్రేవుల మీద చేసే శస్త్రచికిత్సలను గూర్చి ఈనాడు పట్టణాలలోనే గాక పల్లెలలో కూడ వింటున్నాం. వాటినన్నిటినీ లోకంలో ‘బరువు తగ్గే ఆపరేషన్’ అని ఒకే మాటతో చెప్పుకుంటారు. నిజానికి అవి ఒకటి కావు. ఒక పద్ధతిలో జీర్ణాశయంలో అధిక భాగాన్ని కోసి తీసివేస్తారు. మరొక పద్ధతిలో దానిని లోపలే ఉంచి, ఆహారం నడిచే దారిని మళ్లిస్తారు. ఒకరికి మేలు చేసిన పద్ధతి మరొకరికి కొత్త బాధను తెచ్చిపెట్టవచ్చు. పైగా ఇది చాలమట్టుకు వెనుకకు తీసుకోవడానికి వీలులేని నిర్ణయం. కాబట్టి ఈ పద్ధతులు ఎట్లా పని చేస్తాయో, వాటిలో ఒకదానిని ఎన్నుకోవడానికి ఏ విషయాలు ఆధారమో తెలుసుకోవడం అవసరం.

ఎవరికి ఈ చికిత్స?

స్థూలకాయాన్ని కొలవడానికి వైద్యులు సాధారణంగా ఒక సూచికను ఉపయోగిస్తారు. శరీరపు బరువును కిలోగ్రాములలో తీసుకొని, మీటర్లలో ఉన్న ఎత్తు యొక్క వర్గంతో భాగిస్తే ఆ సూచిక వస్తుంది. దీనికి మూలమైన భావాన్ని 19వ శతాబ్దంలో బెల్జియం దేశపు గణిత శాస్త్రజ్ఞుడు క్వెట్లే ప్రతిపాదించాడు. ఉదాహరణకు 160 సెం.మీ. ఎత్తు, 90 కిలోల బరువు గల వ్యక్తిని తీసుకుందాం. 1.6 యొక్క వర్గం 2.56. దానితో 90ని భాగిస్తే సూచిక సుమారు 35 అవుతుంది.

1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పరచిన నియమం ప్రకారం ఈ సూచిక 40 గాని, ఇతర వ్యాధులుంటే 35 గాని ఉన్నవారికే శస్త్రచికిత్స తగినది. 2022లో ఈ రంగంలోని రెండు శస్త్రవైద్య సంఘాలు ఆ హద్దులను తగ్గించాయి. ఇతర వ్యాధులు లేకపోయినా 35 ఉంటే చికిత్స చేయవచ్చుననీ, ఆసియా జాతులవారి విషయంలో 27.5 నుంచే ఆలోచించవచ్చుననీ సూచించాయి. మనవారికి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకొని మధుమేహం రావడమే ఈ తేడాకు కారణం. అయితే ఆలోచించవచ్చుననడం వేరు, చేసి తీరాలనడం వేరు.

జీర్ణమండలంలో పని విభజన

పద్ధతుల మధ్య భేదం తెలియాలంటే జీర్ణమండలంలో ఏ భాగం ఏ పని చేస్తుందో ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. జీర్ణాశయం ఆహారాన్ని నిలువ ఉంచి, ఆమ్లంతో కలిపి, కొంచెం కొంచెంగా కిందికి పంపుతుంది. దాని పైభాగం నుంచి ‘ఘ్రెలిన్’ అనే హార్మోను వెలువడుతుంది. 1999లో జపాను శాస్త్రజ్ఞులు కోజిమా, కంగావా కనుగొన్న ఈ హార్మోను మెదడుకు ఆకలిని తెలియజేస్తుంది. బి-12 విటమిను శరీరానికి పట్టడానికి కావలసిన ఒక పదార్థం కూడ జీర్ణాశయపు గోడలోనే తయారవుతుంది.

జీర్ణాశయం తరువాత వచ్చేది ఆంత్రమూలం. దాని పొడవు సుమారు 25 సెం.మీ. మాత్రమే. అయినా ఇనుము, కాల్షియం ముఖ్యంగా ఇక్కడే రక్తంలోకి పోతాయి. పిత్తరసం, క్లోమరసం వచ్చి ఆహారంతో కలిసేది కూడ ఇక్కడే. ఆ తరువాత కొన్ని మీటర్ల పొడవున చిన్నప్రేవు ఉంటుంది. దాని చివరి భాగాలకు ఆహారం చేరినప్పుడు మరికొన్ని హార్మోనులు వెలువడి, ‘ఇక చాలు’ అనే తృప్తిని కలిగిస్తాయి. ఇన్సులిన్ స్రావాన్ని కూడ పెంచుతాయి.

ఈ వరుసలో ఏ భాగాన్ని తొలగించినా, ఏ భాగాన్ని ఆహారం తాకకుండా చేసినా, ఆ భాగం చేసే మేలు కూడ పోతుంది. శస్త్రచికిత్సల మంచిచెడ్డలు రెండూ ఈ ఒక్క విషయం మీదనే ఆధారపడి ఉన్నాయి.

తొలి ప్రయత్నం

1954లో అమెరికాలోని మిన్నెసోటాలో క్రెమెన్ మొదలైన శస్త్రవైద్యులు చిన్నప్రేవులో చాల భాగాన్ని దారి నుంచి తప్పించి, మొదటి భాగాన్ని చివరి భాగంతో కలిపే పద్ధతిని వెల్లడించారు. దీనివల్ల బరువు బాగా తగ్గింది. కాని రోగులకు ఎడతెగని విరేచనాలు పట్టుకున్నాయి, కొందరికి కాలేయం చెడిపోయింది, మూత్రపిండాలలో రాళ్లు ఏర్పడినాయి. రాళ్లకు కారణం గమనించదగినది. మామూలుగా ప్రేవులో కాల్షియం ఆక్సలేటును పట్టుకొని మలంతో బయటికి పంపుతుంది. ఈ రోగులలో జీర్ణం కాని కొవ్వు కాల్షియాన్ని తానే పట్టుకుంటుంది. అందువల్ల విడిగా మిగిలిన ఆక్సలేటు రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రపిండాలకు చేరుతుంది. క్రమంగా ఈ పద్ధతిని వైద్యులు విడిచిపెట్టారు. తగ్గిన కిలోలను మాత్రమే చూసి ఒక పద్ధతిని మెచ్చుకోరాదని ఆ అనుభవం నేర్పింది.

నేటి పద్ధతులు

నేడు వాడుకలో ఉన్నవాటిలో ముఖ్యమైనవి నాలుగు. అన్నిటినీ సాధారణంగా పొట్టమీద చిన్న రంధ్రాలు చేసి, వాటిగుండా పరికరాలను పంపి చేస్తున్నారు.

మొదటిది గాస్ట్రిక్ బాండ్. జీర్ణాశయం పైభాగం చుట్టూ సిలికోన్ పట్టీని బిగిస్తారు. దేనినీ కోయరు, పట్టీని తరువాత తీసివేయవచ్చు. అందువల్ల ఇది ఒకప్పుడు మంచి ప్రచారం పొందింది. కాని బరువు తక్కువగా తగ్గడం, పట్టీ జారడం, లోపలికి ఒరుసుకొని పోవడం వంటి చిక్కుల వల్ల చాలమందికి మళ్లీ ఆపరేషన్ అవసరమయింది. ఇప్పుడు దీని వాడకం బాగా తగ్గిపోయింది.

రెండవది స్లీవ్ గాస్ట్రెక్టమీ. జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం వరకు నిలువుగా కోసి తీసివేసి, మిగిలినదానిని చొక్కా చేతి వంటి సన్నని గొట్టంగా ఉంచుతారు. ఘ్రెలిన్ పుట్టే పైభాగం పోతుంది కాబట్టి ఆకలి తగ్గుతుంది. ఆహారం దారి మారదు. నేడు ప్రపంచంలో ఎక్కువగా చేస్తున్నది ఇదే. అయితే కోసి తీసివేసినదానిని మళ్లీ అతికించడం సాధ్యం కాదు. పైగా ఈ సన్నని గొట్టంలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నవచ్చు.

మూడవది గాస్ట్రిక్ బైపాస్. దీనికి 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ నాంది పలికాడు. జీర్ణాశయం పైన సుమారు 30 మి.లీ. పట్టే చిన్న సంచిని వేరు చేసి, దానిని చిన్నప్రేవుతో నేరుగా కలుపుతారు. మిగిలిన జీర్ణాశయం లోపలే ఉంటుంది గాని, ఆహారం దానిని, ఆంత్రమూలాన్ని తాకదు. పిత్తరసం, క్లోమరసం మరొక శాఖగా వచ్చి కింద కలుస్తాయి. రెండు శాఖలు కలిసే తీరు ఇంగ్లీషు ‘వై’ అక్షరం వలె ఉంటుంది. ఆహారం త్వరగా కింది ప్రేవుకు చేరడం వల్ల తృప్తిని కలిగించే హార్మోనులు అధికంగా వెలువడుతాయి. బరువు చెప్పుకోదగినంత తగ్గకముందే రక్తంలో చక్కెర తగ్గడం ఈ పద్ధతిలో కనిపించే విశేషం.

నాలుగవది డ్యుయోడినల్ స్విచ్. ఇందులో జీర్ణాశయాన్ని స్లీవ్‌గా చేయడమే గాక, చిన్నప్రేవులో అధిక భాగాన్ని కూడ దారి నుంచి తప్పిస్తారు. బరువు తగ్గడంలో, మధుమేహం లొంగడంలో దీనిదే పైచేయి. మాంసకృత్తుల లోపం, విటమినుల లోపం కలగడంలో కూడ దీనిదే పైచేయి.

కొలతలు ఏమి చెబుతున్నాయి?

స్వీడన్‌లో 1987లో ఆరంభమైన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 2007లో వెలువడినాయి. శస్త్రచికిత్స అయిన పది సంవత్సరాలకు బైపాస్ చేయించుకున్నవారి బరువు సగటున 25 శాతం, పట్టీ వేయించుకున్నవారి బరువు 14 శాతం తగ్గి ఉన్నది.

స్లీవ్‌ను, బైపాస్‌ను పోల్చడానికి ఫిన్లండులో 240 మందిని చీట్లు వేసినట్లుగా రెండు వర్గాలుగా విభజించి పరీక్షించారు. పదేళ్ల ఫలితాలను 2022లో ప్రకటించారు. ఉండవలసినదానికి మించిన బరువులో స్లీవ్ వర్గంవారు సుమారు 44 శాతం, బైపాస్ వర్గంవారు సుమారు 52 శాతం కోల్పోయారు. కాని ఆమ్లం వల్ల అన్నవాహిక వాచినవారు బైపాస్ వర్గంలో 7 శాతం ఉండగా, స్లీవ్ వర్గంలో 31 శాతం ఉన్నారు. ఈ రెండు పద్ధతుల మధ్య ముఖ్యమైన తేడా బరువులో కంటె ఇటువంటి విషయాలలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రమాదం మాటేమిటి? అమెరికాలో 4,776 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఆపరేషన్ అయిన 30 రోజులలోపు మరణించినవారు 0.3 శాతం, అనగా వెయ్యికి ముగ్గురు. ఇది తక్కువే గాని, సున్న కాదు. కుట్టిన చోట కారడం, రక్తస్రావం, కాళ్ల సిరలలో రక్తం గడ్డకట్టడం అనేవి తొలి రోజులలో భయపడవలసినవి.

ఎన్నుకోవడం ఎట్లా?

ఇప్పుడు పై విషయాలను రోగి పరిస్థితితో జోడించి చూద్దాం. చాలకాలంగా గుండెమంట, పులితేన్పులు ఉన్నవారికి స్లీవ్ ఆ బాధను పెంచవచ్చు; వారికి సాధారణంగా బైపాస్ మేలు. మధుమేహం ముఖ్యమైన సమస్య అయినప్పుడు కూడ బైపాస్ వైపే మొగ్గు. కాని వ్యాధి చాల ఏళ్లుగా ఉండి ఇన్సులిన్ మీద ఆధారపడినవారిలో అది పూర్తిగా పోయే అవకాశం తక్కువ. పోయినవారిలో కూడ కొందరికి తిరిగి రావచ్చు.

కీళ్ల నొప్పులకు తరచుగా నొప్పి మాత్రలు వాడక తప్పనివారికి బైపాస్ అంతగా తగదు. సంచిని ప్రేవుతో కలిపిన చోట ఆ మాత్రల వల్ల పుండు పడవచ్చు. పొగ త్రాగడం కూడ ఇదే ప్రమాదాన్ని తెస్తుంది. ప్రేవులకు లోగడ పలుమార్లు ఆపరేషన్లు జరిగినవారిలో దారి మళ్లించడం కష్టం; అప్పుడు స్లీవ్ సులభం.

మన దేశానికి ప్రత్యేకించి చెప్పుకోవలసిన విషయం రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 సంవత్సరాల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఇనుము పట్టే ఆంత్రమూలాన్ని బైపాస్ తప్పిస్తుంది కాబట్టి అటువంటివారిలో లోపం మరింత ముదరవచ్చు. శాకాహారులకు బి-12 విటమిను సహజంగానే తక్కువగా అందుతుంది. జీర్ణాశయాన్ని తగ్గించిన తరువాత అందినది కూడ సరిగా పట్టదు. ఆపరేషన్‌కు ముందే రక్తపరీక్ష చేయించి, లోపాలను సరిదిద్దుకోవాలి.

మరొక ప్రశ్నను రోగి తనకు తాను వేసుకోవాలి. విటమిను మాత్రలను జీవితాంతం వేసుకోగలనా? ఏటేటా రక్తపరీక్షలకు వెళ్లగలనా? ఆసుపత్రి దూరమై, డబ్బుకు ఇబ్బంది అయి, ఇవి సాగవనుకుంటే డ్యుయోడినల్ స్విచ్ వంటి పద్ధతి ప్రమాదకరమే. మిగిలిన పద్ధతులలో కూడ మాత్రలు మానితే కొన్ని ఏళ్లకు నరాలు, ఎముకలు దెబ్బతినవచ్చు. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలని నిపుణులు చెబుతారు. కొద్దిపాటి భోజనంలో అన్నంతోనే కడుపు నింపుకుంటే అది కుదరదు. పప్పు, పెరుగు, గ్రుడ్డు వంటివి ముందు తినాలి. గర్భం ధరించదలచిన స్త్రీలు శస్త్రచికిత్స తరువాత ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు ఆగవలసి ఉంటుంది.

శస్త్రచికిత్స ఒక్కటే దారి కాదని కూడ గుర్తుంచుకోవాలి. ప్రేవులలో పుట్టే హార్మోనులను పోలిన సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్లను బరువు తగ్గించడానికి అమెరికా ప్రభుత్వం 2021లో ఒకదానిని, 2023లో మరొకదానిని అనుమతించింది. వాటిని మానితే తగ్గిన బరువులో చాలభాగం తిరిగి వస్తుంది. శస్త్రచికిత్స ఫలితం అంతకంటె ఎక్కువకాలం నిలుస్తుంది. కాని దాని తరువాత కూడ కొంత బరువు తిరిగి పెరగడం కద్దు.

కాబట్టి ‘అన్నిటిలో మంచి పద్ధతి ఏది?’ అని అడిగితే శాస్త్రం వద్ద సమాధానం లేదు. ‘ఈ రోగికి, ఈ వ్యాధులతో, ఈ భోజనంతో, ఈ వసతులతో ఏది తగినది?’ అని అడిగితే సమాధానం ఉన్నది. పొరుగువారు ఎన్ని కిలోలు తగ్గారో విని గాని, ప్రకటనలను చూసి గాని ఈ నిర్ణయం తీసుకోరాదు. శస్త్రవైద్యుని వద్దకు పోయేవారు ఏ పద్ధతి చేస్తారన్న ప్రశ్నతో ఆగక, అదే ఎందుకు తగినదో, మిగిలినవి ఎందుకు తగవో కూడ అడిగి తెలుసుకోవాలి. ఆ కారణాలు తెలిసిన తరువాతనే సమ్మతి పత్రం మీద సంతకం చేయాలి.