బడికి వచ్చు రూపాయి ఏ దారిన వచ్చును?

పంచాయతీ సమావేశములలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: “మా బడికి ప్రహరీ గోడ లేదు; ప్రభుత్వము నిధులీయవలెను.” ఈ కోరిక న్యాయమైనదే. అయితే ప్రభుత్వ నిధులు అన్నియు ఒకే సంచిలో నుండి రావు. ఒక్కొక్క సంచికి ఒక్కొక్క ముడి కలదు. ఏ ముడి ఎవరు విప్పవలెనో తెలియనిచో, సొమ్ము ఉండియు పని జరుగదు. గోదావరి డెల్టా పంచాయతీ సభ్యుల కొరకు ఆ సంగతిని ఇచ్చట వివరింప దలచితిమి.

ఈ విషయమున మన డెల్టాకు పూర్వ చరిత్ర కలదు. 1847లో ఆరంభమైన ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది. కాలువల క్రింద సేద్యము పెరిగి రైతుల చేత నాలుగు డబ్బులు నిలువసాగినవి. ఆ దశాబ్దముననే సబ్ కలెక్టరుగా నుండిన జి. ఎన్. టైలరు ప్రోత్సాహముతో నరసాపురము ప్రాంతపు రైతులు భూమి శిస్తుపై కొంత అదనముగా చెల్లించి, ఆ సొమ్ముతో బడులు నడుపుకొనుటకు అంగీకరించిరి. వీనికి ‘రేటు స్కూళ్లు’ అని పేరు. నరసాపురములోని టైలర్ ఉన్నత పాఠశాల ఆయన పేరు మీద వెలసినదే. ఇట్టి వసూలుకు చట్టబలము కావలసి వచ్చి, మద్రాసు ప్రభుత్వము 1863లో 6వ చట్టమును చేసినది. 1871 నాటి స్థానిక నిధుల చట్టముతో ఆ భారము స్థానిక బోర్డులకు సంక్రమించినది. ఊరి వంతు, సర్కారు వంతు కలిసియే బడి యగునను సూత్రము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు.

కళాశాలల విషయమును ఇట్టిదే. రాజమహేంద్రవరములో 1853లో జిల్లా పాఠశాలగా పుట్టిన విద్యాలయము క్రమముగా ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలగా పెరిగినది. భీమవరమున 1945లోను, నరసాపురమున 1949లోను, అమలాపురమున 1951లోను వెలసిన కళాశాలలకు స్థానిక దాతల సాయమే పునాది యైనది. అధ్యాపకుల జీతములకు ప్రభుత్వము గ్రాంటు నిచ్చుట ఇట్టి ఎయిడెడ్ కళాశాలల పద్ధతి. కళాశాలలకు నిధులు పంచాయతీ చేతి మీదుగా రావు. కావున అచ్చట సభ్యుల పాత్ర విజ్ఞాపనకే పరిమితము. బడి సంగతి అట్లు కాదు.

1959 నాటి చట్టము ప్రాథమిక పాఠశాలలను పంచాయతీ సమితులకును, ఉన్నత పాఠశాలలను జిల్లా పరిషత్తులకును అప్పగించినది. సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చినవి గాని, బడుల బోర్డులపై ‘పరిషత్’ అను పేరు నేటికిని చూడవచ్చును. ఉపాధ్యాయుల జీతములు రాష్ట్ర ప్రభుత్వమే చెల్లించును. ఇది మొదటి సంచి. దీనితో పంచాయతీకి ప్రమేయము లేదు.

రెండవది సమగ్ర శిక్ష పథకము. ఇందు కేంద్రము 60 పాళ్లు, రాష్ట్రము 40 పాళ్లు భరించును. సుద్దముక్కలు, చిన్న మరమ్మతులు, పరిశుభ్రత మొదలగు వానికై పిల్లల సంఖ్యను బట్టి పాఠశాలకు వార్షిక గ్రాంటు నిర్ణయింపబడును. కావున బడి ఈడు పిల్లలందరును హాజరు పట్టీలో నుండుట గ్రాంటుకు సంబంధించిన విషయము కూడ.

మూడవది ఆర్థిక సంఘపు గ్రాంటు. ఇది నేరుగా స్థానిక సంస్థలకు ఉద్దేశింపబడినది. 2021-26 కాలమునకు పదునైదవ ఆర్థిక సంఘము ఇందు 60 పాళ్లను త్రాగునీటికిని, పారిశుద్ధ్యమునకును కట్టడి చేసినది. మిగిలిన 40 పాళ్లను గ్రామ అవసరమును బట్టి వాడుకొనవచ్చును. జీతములకు మాత్రము వాడరాదు. ఈ భేదము తెలిసిన సభ్యుడు బడి కుళాయిని, మరుగుదొడ్డిని మొదటి పద్దు క్రింద చూపును. ప్రహరీ గోడను రెండవ పద్దు క్రింద చూపును. తెలియని సభ్యుడు అన్నిటిని కలిపి ఒక అర్జీగా వ్రాసి పంపును. అది తిరిగి వచ్చును.

నాలుగవది పంచాయతీ సొంత రాబడి, అనగా ఇంటి పన్ను మొదలగునవి. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటి పన్నుతో గ్రంథాలయ పన్ను కూడ వసూలగును. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసిన సొమ్ము. దానిని ఇతర పనులకు వాడుకొన్నచో మన ఊరి చదువరుల పుస్తకములకే కొరత వచ్చును.

పై సంచులన్నిటిని తెరచు తాళపుచెవి ప్రణాళిక. 2009 నాటి విద్యా హక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ప్రతి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ ఉండవలెనని, అందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము మంది స్త్రీలు ఉండవలెనని ఆ చట్టము విధించినది. ఈ కమిటీ తయారు చేయు పాఠశాల అభివృద్ధి ప్రణాళికయే ప్రభుత్వ గ్రాంటులకు ఆధారమని స్పష్టముగా చెప్పినది. తల్లిదండ్రులు పనులు చేయించగలరనుటకు దృష్టాంతమును కలదు. 2019 నవంబరు 14న ఆరంభమైన ‘మన బడి నాడు-నేడు’ కార్యక్రమపు తొలి విడతలో తల్లిదండ్రుల కమిటీల ద్వారా 15,715 పాఠశాలలలో పనులు జరిగినవి. ఆ విడతను 2021 ఆగస్టు 16న కోనసీమలోని పి. గన్నవరమున ప్రజలకు అంకిత మొనర్చిరి.

డెల్టాలో అంచనా వేయునపుడు మరియొక సంగతి మరువరాదు. 1986 ఆగస్టు గోదావరి వరదను, 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపానును చూచిన పెద్దలు ఇంకను మన మధ్య నున్నారు. అట్టి రాత్రులలో బడియే ఊరి వారికి తలదాచుకొను చోటు. కావున వరద మట్టమును అడిగి తెలిసికొని, మెరక తోలుటకును, నేలకు తగిన పునాదికిని, మేడ మీదికి మెట్లకును అయ్యెడు ఖర్చును మొదటి అంచనాలోనే చేర్పవలెను. గది పూర్తియైన పిదప ఆ సొమ్ము తెచ్చుట కష్టము.

కావున సభ్యులు వచ్చు సమావేశమునకు ముందు ఒక పూట బడికి పోయి చూడవలెనని కోరుచున్నాము. ప్రధానోపాధ్యాయునితోను, కమిటీలోని తల్లులతోను కూర్చుండి, కావలసినవి వ్రాసి, ఒక్కొక్క దాని ప్రక్కన అది ఏ సంచిలోని సొమ్మో గుర్తింపవలెను. ఆ పట్టికను గ్రామసభలో చదివి, ఆమోదము పొంది, పంచాయతీ ప్రణాళికలో చేర్పింపవలెను. పని ముగిసిన తరువాత ఎంత వచ్చినది, ఎంత ఖర్చయినది బడి గోడ మీదనే వ్రాయింపవలెను. నాడు నరసాపురపు రైతు తాను ఇచ్చిన సొమ్ము బడియగుటను కన్నులార చూచెను. నేటి గ్రామస్థునికిని ఆ తృప్తి కలుగవలెను.