ఎండ పని చేసే చిన్న దీపం

కర్నూలు, కడప ఎండల్లో వడియాలు ఎండడం మీరు చూసే ఉంటారు. యు.వి. రెసిన్ అనే జిగురు కూడా ఎండలో పెడితే గట్టిపడుతుంది. అయితే వేడికి కాదు సుమా! అతినీలలోహిత కిరణాలు తగలగానే అందులోని ఒక రసాయనం విడిపోయి, చిన్న అణువులను పొడవాటి గొలుసులుగా కలుపుతుంది. గాలానికి ఈకలతో, దారంతో ఈగల్లాంటి ఎరలు కట్టేవారు ముడి ఊడకుండా పూసేది దీన్నే.

మరి రాత్రిపూటో? 395 నానోమీటర్ల ఎల్.ఇ.డి., 1.5 వోల్టుల బ్యాటరీలు మూడు, 68 ఓముల రెసిస్టర్, స్విచ్చి వరుసగా కలపండి. ఎల్.ఇ.డి. పొడవు కాలు ధన ధ్రువం వైపుండాలి. రెసిస్టర్ మానేస్తే ఎల్.ఇ.డి. మాడిపోతుంది. వెలుగు మసకగానే ఉందిగదా అని దానికేసి చూడకండి. కనిపించని కిరణాలే కంటికి చేటు. జిగురు చేతికి అంటనీయకండి.

పలుచగా పూసి, దీపం దగ్గరగా పట్టండి. ఇంత చిన్న దీపంతో కాస్త ఓపిక కావాలి. పక్కన ఇంకో చుక్కకు ఎర్ర ఎల్.ఇ.డి. వేయండి. ఎంతసేపైనా అది కారుతూనే ఉంటుంది! ఎర్ర కాంతి కణానికి ఆ రసాయనాన్ని విడగొట్టేటంత శక్తి లేదు. గట్టిపడిన చుక్క పైన కొంచెం జిడ్డు మిగిలిందా? తప్పు మీది కాదు, గాలిలోని ఆక్సిజన్‌ది.