కోలారు పట్టు కొనువారికి కనబడుట ఎట్లు?

కోలారు అనగానే లోకమునకు జ్ఞప్తికి వచ్చునది బంగారము. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇచ్చట గనుల పని చేపట్టిరి. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్సువారి గనులు మూతబడినవి. గనులు మూతబడినను పేరు మాసిపోలేదు. 2018లోను, 2022లోను వచ్చిన కె.జి.యఫ్. చలనచిత్రములు దానిని దేశమంతట మరల చాటినవి. సంతోషమే. కాని ఈ జిల్లాలో మల్బరీ పెంచి, పట్టుగూళ్లు తీసి, పట్టును నమ్ముకొని బ్రతుకు కుటుంబములకు ఇందువలన ఒక చిక్కు కలదు. ఎవరైనను సెల్‌ఫోనులో వట్టి “కోలారు” అని వెతికినచో గనుల ముచ్చట, సినిమా ముచ్చట ముందునకు వచ్చుట సహజము. మగ్గము ఆ గుంపులో మరుగున పడును.

నేడు మన పిల్లలు కొందరు చీరల అమ్మకమునకై వెబ్‌సైట్లు పెట్టుచున్నారు. వెబ్‌సైటును గూగుల్ వెతుకులాటలో పైకి తెచ్చుట ఒక పని యనియు, దానిని కొనువారికి సౌకర్యముగా తీర్చుట వేరొక పని యనియు వారు తలచుచుందురు. ఈ రెండును ఒకే పనికి రెండు కొసలని మనవి చేయుటే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

గూగుల్ సంస్థ 1998లో స్థాపింపబడినది. దాని యంత్రములు ఒక పేజీనుండి మరొక పేజీకి లింకుల వెంట పోవుచు, అచ్చటి వ్రాతను చదివి, పుస్తకము చివరనుండు పదసూచిక వంటిదానిని సిద్ధపరచుకొనును. వెతికిన మాటకు ఏ పేజీ సరిపడునో, ఏ పేజీకి ఇతరులు లింకులిచ్చిరో మున్నగునవి చూచి వరుస కట్టును. 2018 నుండి పేజీ ఎంత త్వరగా తెరచుకొనునో, 2021 నుండి ఎంత నిలకడగా నుండునో కూడ సెల్‌ఫోను వెతుకులాటలో ఈ లెక్కకు చేరినది. సమాచారమే ప్రధానము, అది సరిసమానముగ నున్నచోట సౌకర్యముగల పేజీకి మొగ్గు కలుగవచ్చును.

బెంగుళూరులో పెండ్లి పెట్టుకొన్న ఒక ఇల్లాలు “కోలారు చేనేత పట్టు చీర” అని వెతికినదనుకొందము. మన పేజీ కనబడినది, నొక్కినది. పది బొమ్మలు, ఒక్కొక్కటి ఐదు ఎం.బి.! ఎంతసేపటికిని తెరచుకొనలేదు. తెరచుకొన్న పిదప చూడగా, ధర బొమ్మలోనే చిన్న అక్షరములతో వ్రాసియున్నది. కొనుటకై మీట నొక్కబోవునంతలో, ఆలస్యముగా వచ్చిన బొమ్మ ఆ మీటను క్రిందికి త్రోసినది. ఆమె విసిగి వెనుకకు మరలి, మరమగ్గపు చీరను చేనేత యని చెప్పి అమ్ము మరొకరి పేజీ తెరచినది. తప్పు ఆమెది కాదు. నేత మనది, బేరము వారిది!

ఇందలి లోపములను సవరించినచో ఆమెకును, గూగుల్‌కును ఒకేసారి మేలగును.

మొదటిది బొమ్మ. జరీ పని, అంచు నేత స్పష్టముగ కనబడనిదే పట్టు చీర ఎవరు కొందురు? కావున ముందు నూరు, రెండునూర్ల కె.బి.లకు తగ్గించిన బొమ్మ పెట్టి, నొక్కినప్పుడు పెద్ద బొమ్మ వచ్చునట్లు చేయవలెను. పేజీలోని ముఖ్యమైన భాగము రెండున్నర సెకండ్లలోపల కనబడవలెనని గూగుల్ కొలత. బొమ్మ పొడవు వెడల్పులు ముందే తెలిపినచో పేజీ కుదుపునకు లోనుగాదు.

రెండవది వ్రాత. ధర, పొడవు, రవికె గుడ్డ ఉన్నదీ లేనిదీ బొమ్మలో గాక అక్షరములలో వ్రాయవలెను. ప్రతి బొమ్మకును “ఆకుపచ్చ పట్టు చీర, ఎఱ్ఱ అంచు, జరీ కొంగు” అని ఒక వివరణ చేర్చవలెను. చూపులేనివారి ఫోను దానిని చదివి వినిపించును. గూగుల్ బొమ్మను గుర్తించుటకును అదే తోడ్పడును. “చీర నెంబరు 47” అని వెతుకువారెవరు?

మూడవది పేరు. కొనువారు వాడు మాటలనే తెలుగు, కన్నడము, ఇంగ్లీషులలో వ్రాయుడు. అట్లని “పట్టు చీర” అని ఇరువది మారులు వ్రాసినచో చదువువారికి విసుగు. గూగుల్ దానిని మోసముగా నెంచును. ఇచ్చట నేసిన చీరకు కంచి, ధర్మవరము పేరు తగిలింపరాదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టము క్రింద ఆ పేర్లకు రక్షణ కలదు. మీదుమిక్కిలి, మోసపోయినవారు రెండవసారి రారు. ఎచ్చట నేసితిరో, ఎన్ని దినములు పట్టెనో నిజము వ్రాయుడు. సిల్కుమార్కు, చేనేతమార్కు పొందియున్నచో చూపుడు.

నాలుగవది పరీక్ష. 2018 నుండి గూగుల్ సెల్‌ఫోనులో కనబడు పేజీనే ప్రధానముగా చదువుట మొదలుపెట్టినది. కావున ఇంటిలోని పెద్దమ్మకు చవక ఫోను ఇచ్చి, “ఒక చీర కొనుము” అని చెప్పి, ప్రక్కన మాటాడక కూర్చుండుడు. ఆమె చేయి ఆగినచోటనే లోపమున్నది. గూగుల్‌వారి సెర్చ్ కన్సోల్ ఉచితము. ఏ మాటలు వెతికినప్పుడు మన పేజీ కనబడినదో, ఎందరు నొక్కిరో అది తెలుపును. పలువురికి కనబడియు కొందరే నొక్కినచో పేజీ శీర్షికను సవరింపుడు. పలువురు నొక్కియు కొందరే కొన్నచో పేజీలోని ఇబ్బందిని వెదకుడు.

గని పని ఎరిగిన కోలారువారికి ఇది క్రొత్త మాట కాదు. ముడిరాయి పైకి వచ్చినంతమాత్రమున బంగారము కాదు. పొడిచేసి శుద్ధిచేసినప్పుడే అది చేతికి వచ్చును. రాయి లేనిదే మరకు పని లేదు. మర లేనిదే రాయికి విలువ లేదు. వెతుకులాట జనమును గడపకు తెచ్చును. సౌకర్యము వారిచే చీర కొనిపించును. నేతలో మన పనివారు చూపు శ్రద్ధలో కొంత ఆ గడపకును చూపినచో, చేనేతకు రావలసిన కూలి చేనేతకే దక్కగలదు.